ఫ్లామినీ దగ్గర నిజంగా రెండు లక్షల కోట్లు ఉన్నాయా?

ఫుట్‌బాల్ ప్లేయర్లకి వారానికి కోట్ల జీతాలు అన్యాయం కాదా, లండన్ క్లబ్బు ఆర్సెనల్‌కి ఆడిన మాథ్యూ ఫ్లామినీ ఉన్నట్టుండి ప్రపంచంలోకెల్లా డబ్బున్న ప్లేయర్ ఎలా అయిపోయాడు అని రెండూ కలిపి అడిగారు. ముందు రెండోది చెప్తాను. అది నాకు అన్నం పెట్టే పనికి దగ్గర. నేను విశాఖ దగ్గర పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో క్వాలిటీ కంట్రోల్ చూస్తాను. ఆర్సెనల్ పిచ్చి ఉద్యోగం కన్నా ముందునుంచే ఉంది.

2015 చివర్లో ఒక రాత్రి బి షిఫ్ట్ దిగి కూర్మన్నపాలెంలో టీ తాగుతుంటే మావాడొకడు ఫోన్ నా మొహం మీద పెట్టాడు. "గురూ, మన ఫ్లామినీ మెస్సీని, రొనాల్డోని కలిపి కొనేస్తాడంట!" రెండు వేల కోట్ల పౌండ్లు. అప్పటి రేటుకి మన డబ్బులో సుమారు రెండు లక్షల కోట్లు. నేను కింద ఉన్న వార్త చదివాను. అందులో లెవ్యులినిక్ ఆమ్లం అన్న మాట కనబడగానే నవ్వొచ్చింది.

జరిగింది ఇది. 2008లో ఫ్లామినీ ఆర్సెనల్ వదిలి ఇటలీ క్లబ్బు ఏసీ మిలాన్‌కి వెళ్ళాడు. అదే ఏడాది పాస్క్వాలె గ్రనాటా అనే ఇటలీ స్నేహితుడితో కలిసి జీఎఫ్ బయోకెమికల్స్ మొదలుపెట్టాడు. చెక్క పొట్టు, పంట వ్యర్థాల్లాంటి వాటి నుంచి లెవ్యులినిక్ ఆమ్లం తీసే కంపెనీ. ఇటలీలోని కసెర్టాలో ప్లాంటు పెట్టారు. పెట్రోలియం నుంచి వచ్చే సాల్వెంట్లు, ప్లాస్టిక్‌ని మెత్తబరిచే రసాయనాలు, ఇంధనంలో కలిపేవి, ఇలా చాలావాటి బదులు దీన్నుంచి చేసిన సరుకు వాడొచ్చు. 2004లో అమెరికా ఇంధన శాఖ మొక్కల నుంచి తీయదగ్గ ముఖ్యమైన 12 రసాయనాల జాబితా వేసినప్పుడు ఇది కూడా అందులో ఉంది. అంటే మనిషి గాలిలో మేడ కట్టలేదు.

కానీ ఆ రెండు వేల కోట్ల పౌండ్లు అతని ఆస్తి కాదు. ఈ రసాయనం పెట్రోలియం సరుకు స్థానంలోకి వెళ్తే ఎంత మార్కెట్ ఉండొచ్చో చెప్పిన అంచనా అది. పేపర్లవాళ్ళు దాన్ని తీసుకెళ్ళి అతని జేబులో వేసేశారు.

మా దగ్గరా ఏటా ఇదే తంతు. సేల్స్ వాళ్ళు వచ్చి తెర మీద బొమ్మలేసి, "ఈ మాలిక్యూల్ మార్కెట్ మూడు వేల కోట్లు" అంటారు. మేం చప్పట్లు కొడతాం. దీపావళికి అరకేజీ స్వీట్ బాక్స్ ఇస్తారు, అందులో సగం సోన్ పాపిడీ. ఇంకో సంగతి, చెక్క పొట్టులో ఉండే సెల్యులోజ్‌ని యాసిడ్‌లో వేసి ఉడికిస్తే లెవ్యులినిక్ ఆమ్లంతో పాటు నల్లటి తారు లాంటి ముద్ద కూడా దిగుతుంది, హ్యూమిన్స్ అంటారు. గొట్టాలకీ రియాక్టర్‌కీ పట్టుకుందంటే ఒక పట్టాన వదలదు. ఫ్లాస్కులో వంద గ్రాములు చేయడం వేరు, రోజూ టన్నులు దింపడం వేరు. అందుకే ఆ కంపెనీకి అన్నేళ్ళు పట్టింది. ఫ్లామినీ తెలివైనవాడే, డబ్బున్నవాడే. ఆడుతూనే ఏళ్ళ తరబడి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకుండా ఈ కంపెనీ నడిపాడు, దానికి దండం పెట్టొచ్చు. రెండు లక్షల కోట్లు మాత్రం అతని లెక్కలో వేయొద్దు.

ఇక జీతాలు. ఆర్సెనల్ అభిమానిగా నా పుండు మా జర్మన్ మిడ్‌ఫీల్డర్ మెసుట్ ఓజిల్. 2018 జనవరిలో వారానికి 3,50,000 పౌండ్లకి కొత్త ఒప్పందం ఇచ్చారు. దాదాపు మూడు కోట్లు, వారానికి. 2020 మార్చి తర్వాత ఒక్క మ్యాచ్ ఆడలేదు, 2021 జనవరిలో వెళ్ళిపోయాడు. నేనూ తిట్టాను, కాదనను. కానీ ఆ కాగితం మీద రెండో సంతకం ఎవరిది? అప్పటికి ఇంకో ఆరు నెలల్లో అతని పాత ఒప్పందం అయిపోయేది. 1995లో యూరప్ కోర్టులో బోస్మన్ అనే ప్లేయర్ కేసు తీర్పు వచ్చాక ఒప్పందం తీరిన ప్లేయర్ పైసా బదిలీ ఫీజు లేకుండా వెళ్ళిపోవచ్చు. ఫ్లామినీ మిలాన్ వెళ్ళిందీ అలాగే. మా ఇంకో స్టార్ సాంచెజ్ అదే నెలలో మాంచెస్టర్ యునైటెడ్‌కి పోయాడు. ఇద్దరూ పోతే అభిమానులు ఊరుకోరని క్లబ్బు భయం. భయపడి ఇచ్చింది క్లబ్బు, తిట్లు తిన్నది ఓజిల్. ఆ 2020లోనే క్లబ్బు ఖర్చు తగ్గించుకుంటూ మ్యాచ్‌ల్లో క్లబ్బు మస్కట్‌గా డైనోసార్ వేషం వేసే మనిషిని పంపించేస్తుంటే, నేనున్నంత కాలం అతని జీతం నేనిస్తానన్నది కూడా ఓజిలే.

జీతాలకి హద్దు పెట్టాలంటారా, అదీ జరిగింది. ఇంగ్లండ్‌లో 1961 దాకా వారానికి 20 పౌండ్లు దాటకూడదని నియమం ఉండేది. స్టేడియాలు మాత్రం కిటకిటలాడేవి. మిగిలిన డబ్బు ఆడినవాళ్ళకైతే రాలేదు కదా.

ఇంతకీ నా అభిప్రాయం మారింది ఇంగ్లండ్ చూసి కాదు, గాజువాక దగ్గర ఒక సంక్రాంతి టోర్నమెంటులో. మా కంపెనీ కుర్రాళ్ళ టీమ్, నేను గోల్‌కీపర్. ఫార్వర్డ్ లేడని శ్రీకాకుళం నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించాం, మ్యాచ్‌కి రెండు వేలు, బస్సు చార్జీ అదనం. మాకు రెండేసి అరటిపళ్ళు, మంచినీళ్ళ ప్యాకెట్. వాడు బూట్ల లేసు కట్టుకోకముందే చెయ్యి చాపాడు.

"ముందు డబ్బులిచ్చీండన్నా."

మా కెప్టెన్‌కి మండింది. "మ్యాచయ్యాక ఇస్తాం కదరా, పారిపోతామా?"

"ఇంతకు ముందు ఒకలు పారిపోనారన్నా."

ఇచ్చాం. వాడు నోట్లు నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో చుట్టి షిన్ గార్డ్ లోపల దోపుకున్నాడు. సెమీస్‌లో రెండు గోల్స్ కొట్టాడు. ఫైనల్లో పావుగంటకే మడమ మెలికపడి బయట కూర్చున్నాడు, మేం ఓడిపోయాం. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూప్ నిండా ఒకటే గోల, పావుగంటకి రెండు వేలా అని. ఓజిల్ మీద నేను రాసిన తిట్లే, అక్షరం మారలేదు. వాడు మాత్రం ఆ కాలికి ఐస్ కట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రాత్రి బస్సెక్కాడు. నెలన్నర దాకా ఎవరూ వాణ్ణి ఆటకి పిలవలేదని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడాది మళ్ళీ ఫోన్ చేశాం. మూడు వేలన్నాడు, అందులో సగం ముందే ఫోన్‌పే చేయమన్నాడు. చేశాం.