బాక్సింగ్ నేర్పితే దారి తప్పిన కుర్రాళ్లు మారతారా, ఇంకా ముదురుతారా?

ముందే కొట్లాటలకు అలవాటుపడ్డవాడికి గుద్దడం కూడా నేర్పడమేంటన్న అనుమానం సహజమే. కానీ జిమ్‌లో చేరిన కుర్రాడిని మొదటిరోజే రింగులోకి దింపరు. చేతికి పట్టీ చుట్టుకోవడం, కాళ్లు ఎలా పెట్టాలో చూసుకోవడం, స్కిప్పింగ్: చాలా రోజులు ఇదే గొడవ. తర్వాత స్పారింగ్‌లో, అంటే తోటివాడితో ప్రాక్టీసు పోటీలో, కోపం పట్టలేక మీదపడ్డాడంటే చేతులు కిందికి జారతాయి, ఎదుటివాడి దెబ్బ నేరుగా ముక్కుమీదికొస్తుంది. కోపంవల్ల నష్టం ఎవరికో అప్పుడు ఒకరు చెప్పక్కర్లేదు.

అయితే ఆట ఒక్కటే చాలదు. రియో డి జనీరోలో డ్రగ్స్ ముఠాలు పాతుకుపోయిన మారే బస్తీల్లో 2000లో ల్యూక్ డౌడ్నీ అనే బ్రిటన్ మాజీ అమెచ్యూర్ బాక్సర్ 'ఫైట్ ఫర్ పీస్' మొదలుపెట్టాడు. పిల్లల్ని గేటుదాకా రప్పించేది బాక్సింగే, లోపల మాత్రం చదువు, ఉద్యోగ శిక్షణ, కౌన్సెలింగ్ కూడా ఉంటాయి. 2007లో లండన్‌లోనూ కేంద్రం తెరిచారు.

అమెరికా బాక్సర్ మైక్ టైసన్ సంగతి చూడండి. బాల నేరస్థుల స్కూల్లో మాజీ బాక్సరైన ఒక కౌన్సెలర్ అతన్ని గుర్తించి కోచ్ కస్ డమాటో దగ్గరికి తీసుకెళ్లాడు. డమాటో ఇంట్లోనే పెట్టుకుని సాకాడు, చట్టప్రకారం సంరక్షకుడయ్యాడు. 1985లో ఆయన పోయారు. మరుసటేడే, 20 ఏళ్లకే టైసన్ హెవీవెయిట్ ఛాంపియన్. 1992లో అత్యాచారం కేసులో జైలుకెళ్లాడు. దారిలో పెట్టే డమాటో లేకపోయాక, ఛాంపియన్ బెల్టు గెలిచినా అతని పతనం ఆగలేదు. అందుకే నేనైతే ఏ జిమ్‌నైనా పతకాలతో కాదు, కుర్రాడు రెండ్రోజులు రాకపోతే ఇంటికెళ్లి అడిగే కోచ్ ఉన్నాడా లేదా అన్నదాంతో కొలుస్తాను.