విండోస్ మళ్లీ వేస్తుంటే డ్రైవే కనిపించడం లేదు, ఎస్‌ఎస్‌డీ పోయినట్టేనా?

రీసెట్ సగంలో ఆగిపోయింది, పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 వేద్దామంటే ఎక్కడ వేయాలో అడిగే పేజీ ఖాళీగా ఉంది, కొత్త ఎస్‌ఎస్‌డీ కొనాలా అన్నది ప్రశ్న. బయోస్ (విండోస్ కంటే ముందే తెరుచుకునే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్స్ తెర) తెరిచి చూడకుండా మాత్రం కొనకండి.

ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 నొక్కుతూ ఉంటే బయోస్ వస్తుంది (కొన్నిటికి ఎఫ్10, ఇంకొన్నిటికి డిలీట్). అందులో స్టోరేజ్ వివరాల దగ్గర మీ ఎస్‌ఎస్‌డీ మోడల్ పేరు కనిపిస్తే డిస్క్ చావలేదు. దాన్ని చూడగలిగే డ్రైవర్ (పరికరంతో విండోస్‌ను మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్) విండోస్ సెటప్ దగ్గర లేదు, అంతే. బయోస్‌లోనూ పేరు లేకపోతే అప్పుడు వెనక మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఎస్‌ఎస్‌డీని స్లాట్‌లోంచి తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి చూడాలి. కొనే సంగతి ఆ తర్వాత.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లు వీఎండీ అనే కంట్రోలర్‌ను ఆన్ చేసి వస్తున్నాయి. ఎస్‌ఎస్‌డీ దాని వెనక ఉండిపోతుంది. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలకు వాడే మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్‌కి అది కనపడదు, ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ కావాలి. రీసెట్ చేసినప్పుడు డిస్క్ దొరికింది కదా, ఇప్పుడేమైంది అని అనుమానం వస్తుంది. కంపెనీ వేసి పంపిన విండోస్‌లోనూ, దాని రికవరీ భాగంలోనూ ఆ డ్రైవర్ ముందే ఉంటుంది. మీరు తయారుచేసిన పెన్‌డ్రైవ్‌లో లేదు.

మీ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో కచ్చితంగా మీ మోడల్‌కే ఇచ్చిన ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకోండి. ప్రాసెసర్ తరం మారితే వెర్షన్ మారుతుంది, కొత్తదే మంచిదని వేరేది తెస్తే పనిచేయకపోవచ్చు. ఇక్కడ కంపెనీల మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. డ్రైవర్‌ను ఈఎక్స్‌ఈ ఫైలుగా ఇస్తారు. సెటప్ మధ్యలో ఈఎక్స్‌ఈతో పని జరగదు, విడదీసిన ఐఎన్‌ఎఫ్, ఎస్‌వైఎస్, సీఏటీ ఫైళ్లు కావాలి. ఈ డ్రైవర్ అవసరం పడేదే విండోస్ లేనివాడికి, ఇచ్చేదేమో విండోస్ ఉన్నవాడికి పనికొచ్చే రూపంలో! ఇంటెల్ సొంత సెటప్‌ఆర్‌ఎస్‌టీ ఫైలైతే వేరే కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైలు పేరు తర్వాత ఖాళీ వదిలి హైఫన్, దానికి ఆనించి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్, మళ్లీ ఖాళీ వదిలి ఒక ఫోల్డర్ పేరు టైపు చేస్తే ఫైళ్లన్నీ విడిపోతాయి. ఆ ఫోల్డర్‌ను అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, సెటప్‌లో లోడ్ డ్రైవర్, బ్రౌజ్ నొక్కి దాన్ని చూపించండి. వీఎండీ పేరున్న డ్రైవర్ ఎంచుకుంటే డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది.

రెండో దారి, బయోస్‌లో వీఎండీ ఆపేయడం. ఒకే ఎస్‌ఎస్‌డీ ఉండి, మొత్తం తుడిచి కొత్తగా వేసేవాళ్లకి నేనిదే చెబుతాను. రెయిడ్ (రెండు మూడు డ్రైవ్‌లను ఒక్కటిగా కలిపి వాడే పద్ధతి) వాడనప్పుడు వీఎండీతో మీకు పనిలేదు. కొన్ని ఏసర్ మోడళ్లలో ఈ ఆప్షన్ దాగి ఉంటుంది, బయోస్ మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. అయితే పాత విండోస్‌ను ఉంచుకోవాలనుకుంటే ముట్టుకోవద్దు. వీఎండీతో వేసిన విండోస్ అది ఆపాక నీలం తెరతో ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే లేస్తుంది.

డ్రైవ్ కనపడగానే పార్టిషన్లు (డిస్క్‌లోని భాగాలు) చెరిపేయకండి. రీసెట్ సగంలో ఆగితే ఫైళ్లు ఇంకా ఉండే అవకాశం ఉంది. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే (కొన్ని కీబోర్డుల్లో ఎఫ్‌ఎన్ కూడా పట్టుకోవాలి) నల్ల కిటికీ (కమాండ్ ప్రాంప్ట్) వస్తుంది. నోట్‌ప్యాడ్ అని టైపు చేసి, ఫైల్, ఓపెన్‌లోకి వెళ్లి, ఫైల్ రకం ఆల్ ఫైల్స్ పెడితే ఫోల్డర్లు కనిపిస్తాయి. అక్కడి నుంచే కాపీ చేసి బయటి డ్రైవ్‌లో పేస్ట్ చేయొచ్చు. మీ సీ డ్రైవ్ అక్కడ డీ అనో ఇంకేదో అక్షరంతో ఉండొచ్చు. బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ లేనిదే ఏదీ తెరుచుకోదు. విండోస్‌లోకి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లు ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి వెతకండి, సాధారణంగా అక్కడే ఉంటుంది.

డేటా బయటికి తీశాక, లోపలి ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న పార్టిషన్లన్నీ చెరిపి, అన్‌అలోకేటెడ్ (ఖాళీ జాగా) అన్నదాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొట్టండి. మిగతావి సెటప్పే చేసుకుంటుంది. పరిమాణం చూసి ఎంచుకోండి, ఆ జాబితాలో మీ పెన్‌డ్రైవ్ కూడా ఉండొచ్చు. డిస్క్ ఎంబీఆర్‌లో ఉంది, జీపీటీ కావాలి అని సెటప్ చెబితే (డిస్క్ భాగాలను నమోదు చేసే రెండు పద్ధతులివి, ఎంబీఆర్ పాతది) అదే నల్ల కిటికీలో డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 0, క్లీన్, కన్వర్ట్ జీపీటీ, వరసగా ఒక్కొక్కటీ. ఆ సున్నా మీ ఎస్‌ఎస్‌డీదేనా అన్నది లిస్ట్‌లో సరిచూసుకోకుండా క్లీన్ కొట్టొద్దు, అది మళ్లీ అడగదు.

కాపీ మధ్యలో 80070570తో ముగిసే ఎర్రర్ వస్తే ముందు అనుమానించాల్సింది పెన్‌డ్రైవ్‌నే. కనీసం 8 జీబీ ఉన్న వేరేది తీసుకుని, మీడియా క్రియేషన్ టూల్‌తో కొత్తగా తయారుచేసి, ఇంకో పోర్ట్‌లో పెట్టండి. అయినా అదే వస్తే మెమ్‌టెస్ట్‌తో ర్యామ్ పరీక్షించండి. ఎస్‌ఎస్‌డీని అనుమానించడం ఆ తర్వాతే.

మొదటి రీస్టార్ట్ కాగానే సెటప్ మళ్లీ మొదటి పేజీకి వస్తే ఏమీ పాడవలేదు, ల్యాప్‌టాప్ పెన్‌డ్రైవ్ నుంచే లేస్తోంది. దాన్ని పీకేసి మళ్లీ ఆన్ చేయండి. నెట్‌వర్క్ అడిగే చోట వైఫై కనిపించకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) పెట్టండి, చాలావరకు పని అయిపోతుంది. ప్రొడక్ట్ కీ అడిగితే లేదని చెప్పి ముందుకెళ్లండి. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే కీ బయోస్‌లోనే ఉంటుంది. హోమ్‌తో వచ్చినదానికి హోమే వేయండి, ప్రో వేస్తే ఆ కీ చెల్లదు.