నాన్న మాటా, లెక్చరర్ మాటా

ప్రశ్న: మా నాన్న సింగరేణిలో పని చేస్తారు. దేశం ఎదగాలంటే బొగ్గు కాల్చక తప్పదంటారు. బ్రిటన్ ఎదుగుతూనే కార్బన్ తగ్గించుకుందని మా లెక్చరర్ చెప్పారు. ఎవరి మాట నిజం?
– డిగ్రీ విద్యార్థిని, మంచిర్యాల

జవాబు: అమ్మా, నేను ముప్ఫై ఏళ్లు థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ల దగ్గర పని చేసినవాణ్ణి. నాన్నగారు ఎందుకలా అంటున్నారో నాకు తెలుసు. అయినా లెక్చరర్‌గారు చెప్పింది నిజమే. 1990తో పోలిస్తే బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ దాదాపు 80 శాతం పెరిగింది. ఆ దేశంలో వెలువడే కర్బన ఉద్గారాలు మాత్రం సుమారు సగానికి తగ్గాయి.

మా అమ్మాయి నాటింగ్‌హామ్‌లో ఉంటుంది. వెళ్లినప్పుడు రైల్లోంచి రాట్‌క్లిఫ్ థర్మల్ స్టేషన్‌ను చూశాను. ఎనిమిది కూలింగ్ టవర్లు. (వాటి నుంచి వచ్చేది ఆవిరి, పొగ కాదు. కార్బన్ డయాక్సైడ్ చిమ్నీలోంచి పోతుంది, కంటికి కనపడదు.) 2024 సెప్టెంబర్ 30న దాన్ని మూసేశారు. బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం అదే. 2012లో కూడా ఆ దేశపు కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గు నుంచే వచ్చేది! గ్యాస్ ముందే వచ్చింది, తర్వాత సముద్రంలో గాలిమరలు పెరిగాయి. 2013లో కార్బన్ మీద అదనపు పన్ను పడేసరికి బొగ్గు గిట్టుబాటు కాలేదు.

అయితే లెక్కలో ఒక చిక్కుంది. కార్బన్ ఎక్కడ వెలువడితే ఆ దేశం ఖాతాలో రాస్తారు. మా మనవడి చొక్కా బంగ్లాదేశ్‌లో కుట్టింది. ఆ ఫ్యాక్టరీ కరెంటు తాలూకు కార్బన్ బంగ్లాదేశ్ ఖాతాలో పడుతుంది. దిగుమతులు కలిపి చూసినా బ్రిటన్‌లో తగ్గింది, కానీ అంతగా కాదు.

మన తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు 2 టన్నులు. అమెరికాలో సుమారు 14. మనకు కరెంటు ఇంకా చాలా కావాలి, అక్కడ నాన్నగారే కరెక్ట్. కాకపోతే ఆ కరెంటంతా బొగ్గు నుంచే రావాలని లేదు.

ఆయన టెన్షన్ వేరే అని నా అనుమానం. 1980లలో బ్రిటన్‌లో గనులు మూతపడ్డప్పుడు కార్మికుల ఊళ్లు బాగా దెబ్బతిన్నాయి. సింగరేణి ఇప్పటికే సోలార్ ప్లాంట్లు పెట్టింది. కానీ గనికి కావలసినంతమంది మనుషులు వాటికి అక్కర్లేదు. మీ వయసు పిల్లలకు ఏ పని నేర్పిస్తారో యూనియన్ మీటింగులో ఇప్పుడే అడగమని నాన్నగారికి చెప్పమ్మా.