పాత కాగితాలతో, కర్నూలులోని హంద్రీ నది ఒడ్డున ఏరుకొచ్చిన వస్తువులతో పర్యావరణాన్ని గుర్తుచేసే కాగితపు కళాకృతి ఎలా చేయాలి?

కర్నూలులో ఉంటున్నారు కాబట్టి ఉల్లిపొట్టుతో మొదలుపెట్టండి. ఉల్లి అమ్మే మార్కెట్ యార్డు దగ్గర అడిగితే సంచెడు దొరకవచ్చు. అయితే ఒక్క పొట్టుతోనే గట్టి కాగితం రాదు. కాగితాన్ని పట్టి ఉంచేది ఒకదానితో ఒకటి పెనవేసుకొని, ఆరేటప్పుడు అతుక్కునే సెల్యులోజ్ (మొక్కల నార) పోగులే కనుక, రాత్రంతా నానబెట్టిన పాత నోటుపుస్తకాల కాగితమే ముప్పావు వంతు ఉండాలి. పొట్టును కొద్దిగా బట్టల సోడా వేసి మెత్తబడేదాకా ఉడికించి, బాగా కడిగి, కాగితంతో కలిపి ఎక్కువ నీళ్లతో రుబ్బండి. (వంటింటి మిక్సీ వద్దు, పాతది చూసుకోండి.)

ఆ గుజ్జును వెడల్పాటి తొట్టిలో నీళ్లలో కలిపి, కిటికీ దోమల జాలి బిగించిన చెక్క చట్రాన్ని ఏటవాలుగా ముంచి, అడ్డంగా తిప్పి, కదలకుండా పైకెత్తాలి. నీరు కారాక తడి నూలుగుడ్డపై బోర్లించి, స్పాంజితో జాలిని అద్దితే పొర గుడ్డకు దిగుతుంది.

ఏరుకొచ్చినవి అతికించవలసింది ఈ తడి పొర మీదే. నలిగిన బిస్కెట్ కవరును పెట్టి, అంచులపై పలుచగా గుజ్జు పోయండి. ప్లాస్టిక్‌కు గుజ్జు అతుక్కోదు. ఆరేకొద్దీ కాగితం కుంచించుకుపోయి కవరు చుట్టూ ముడతలు పడుతుంది. ఆ ముడతలను సరిచేయకండి, చెప్పదలచిన మాట అక్కడే ఉంది. నినాదం రాయాలనిపించినా నేనైతే రాయను. ఎండ తీవ్రంగా ఉంటే నీడలోనే ఆరబెట్టండి, లేకుంటే వంకర తిరుగుతుంది.