ఆఫీసు మెయిల్‌లో అడగాల్సింది మొదటి లైన్లోనే అడగండి

తెలుగు మీడియంలో చదివి బెంగళూరులో ఉద్యోగంలో చేరానని, ఒక్కో మెయిల్‌కు గంట పడుతోందని, ఆఫీసులో గొప్ప ఇంగ్లీషు రాయడం ఎలా అని అడిగారు. నాదీ అదే దారి. పదో తరగతి దాకా మదనపల్లెలో తెలుగు మీడియం, 2013లో మారతహళ్లి పీజీలో ముగ్గురం ఒకే గదిలో. అందుకే చెప్తున్నాను, ఆ 'గొప్ప' అన్న మాట ముందు వదిలేయండి.

చేరిన రెండో ఏడు ఒక సాఫ్ట్‌వేర్‌లో బిల్లు లెక్క తప్పొస్తుంటే సరిచేసి, అమెరికాలోని క్లయింట్ టీముకు పొడుగాటి మెయిల్ పెట్టాను. చివర్లో 'కైండ్లీ చెక్ అండ్ రివర్ట్' అని రాశాను. మన ఆఫీసుల్లో రివర్ట్ అంటే జవాబివ్వడం. కోడ్ రాసే అమెరికావాళ్లకు మాత్రం చేసిన మార్పును వెనక్కి తీసేయడం. కోడ్‌లో చేసిన మార్పుల లెక్క ఉంచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరుతో కమాండే ఉంది. వాళ్లు అదే చేశారు. తెల్లారి నేను ఆఫీసుకు వచ్చేసరికి పాత తప్పు లెక్కలే మళ్లీ బిల్లుల్లోకి ఎక్కుతున్నాయి.

మా మేనేజర్ మైసూరు ఆవిడ. కోప్పడలేదు. నా మెయిల్ తెరిచి, 'వాళ్లు ఏం చేయాలో చెప్పే వాక్యం ఏదీ, చూపించు' అన్నారు. చూపించలేకపోయాను. పదకొండు లైన్లలో జరిగిన కథంతా ఉంది, అడగాల్సింది మాత్రం చివరి నాలుగు మాటల్లో ఇరుక్కుంది.

ఎందుకలా రాశానా అని చాలా రోజులు ఆలోచించాను. గ్రామర్ కాదు కారణం, నేను తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు మాటల్లో రాస్తున్నాను. 'నిన్న సర్వర్ ఆగిపోయి, డేటా రాక, టెస్టింగ్ పూర్తికాక రిపోర్టు పంపలేకపోయాను' అంటాం. మన క్రియ చివర్లో వస్తుంది, వినేవాళ్లు అందాకా ఓపిగ్గా ఆగుతారు. ఇదే వరస ఇంగ్లీషులో పెడితే 'డ్యూ టు' అని మొదలై నాలుగు లైన్లు సాగుతుంది, రిపోర్టు సంగతి తేలేలోపు చదివే మనిషి తర్వాతి మెయిల్‌కు వెళ్లిపోతాడు. తిరగేయండి. 'ది రిపోర్ట్ విల్ కమ్ టుమారో. ది సర్వర్ వాజ్ డౌన్ ఎస్టర్‌డే.' అంతే. తెలుగులో 'ఆగిపోయి', 'రాక', 'కాక' అని కలుపుకుంటూ పోయే ప్రతిచోటా ఇంగ్లీషులో ఫుల్‌స్టాప్ పెట్టేయండి. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతుంటే అవతలివాళ్లకు ముందు ఏ ముక్క చెప్తారో, అదే మీ మొదటి లైను.

మాటల విషయంలో కొన్ని జాగ్రత్తలు. 'ఐ హావ్ ఎ డౌట్' అని మనం అడగడానికి అంటాం, వాళ్లకు అది నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. 'క్వశ్చన్' అనండి. 'డూ ది నీడ్‌ఫుల్' బదులు ఆ పని పేరే రాయండి. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికాలో మే 6, కాబట్టి నెల పేరు అక్షరాల్లో ఉండాలి. 'ఈవోడీ' (ఎండ్ ఆఫ్ డే, ఈ రోజు పని ముగిసేలోపు) అనకుండా టైము రాసి, అది ఎవరి టైమో కూడా చెప్పండి. మనకు సాయంత్రం 6 అయ్యేసరికి వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం 8:30, అంటే వాళ్ల రోజు అప్పుడే మొదలవుతోంది.

ఇంత తేలిగ్గా రాస్తే చదువు రాదనుకుంటారేమోనన్న భయం నాకూ ఉండేది. ప్రభుత్వ సంస్థలు జనానికి అర్థమయ్యే సాదా ఇంగ్లీషులో రాయాలని అమెరికా 2010లో చట్టమే చేసింది. బ్రిటన్‌లో 1979 నుంచి ఇదే కోరుతూ ఒక ఉద్యమం నడుస్తోంది. ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగినవాళ్లే తేలిక మాటలు అడుగుతుంటే, 'యూజ్' చాలినచోట 'యుటిలైజ్' కోసం మనం వెతకడమెందుకు?

ఈమధ్య మా టీములో కొత్తవాళ్లు ఏఐతో రాయించి పంపుతున్నారు. గ్రామర్ బాగుంటోంది. కానీ ఏం అడగాలో మీరు తేల్చుకోకపోతే అదీ తేల్చదు, మూడు పేరాలు నింపుతుంది. 'ఎ', 'ది' తప్పులు నాకు ఇప్పటికీ పడతాయి, వాటివల్ల ఇంతవరకు ఏ పనీ ఆగలేదు.

ఈ వారం ఒకటి చేసి చూడండి. మెయిల్ పంపేముందు మొదటి లైను మాత్రమే మీ రూమ్మేట్‌కు చదివి వినిపించి, నేనేం అడుగుతున్నానో చెప్పమనండి. టక్కున చెప్తే పంపేయండి.