విషం: ఎంత, ఎంత త్వరగా

ప్రశ్న: జొన్న కోసిన చేలో మోళ్ల నుంచి లేచిన పిలకలు మేసి మా బర్రె అరగంటలోపే పడి చచ్చిపోయింది. అదే జొన్నతో మేం రొట్టెలు చేసుకుంటున్నం, ఎండు చొప్ప ఏటా మేపుతున్నం. విషం ఎక్కడిది?
(మక్తల్ రైతు)

జవాబు: జొన్న లేత ఆకులో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము అదే ఆకులో వేరే చోట ఉంటుంది. పశువు నమలగానే రెండూ కలిసి హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. కణాలు ఆక్సిజన్‌ను వాడుకోవడానికి అవసరమైన ఎంజైములోని ఇనుమును ఈ సైనైడ్ పట్టేస్తుంది. ఇక నెత్తురులో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. అట్లా చనిపోయిన పశువు నెత్తురు మరీ ఎర్రగా కనిపించేది ఇందుకే.

సైనైడ్ కొద్దికొద్దిగా వస్తే కాలేయం దాన్ని గంధకంతో కలిపి మూత్రంలో పంపేస్తుంది. ఆకలి మీదున్న బర్రె గబగబా మేస్తే కాలేయానికి ఆ వ్యవధి ఉండదు. కిలో బరువుకు సుమారు 2 మిల్లీగ్రాములు ప్రాణం తీస్తుంది. అంటే 400 కిలోల బర్రెకు ఒక గ్రాము కూడా అక్కర్లేదు. ఏ విషాన్నైనా ముందు ఇట్లాగే చూడాలి: ఒంట్లోకి ఎంత వేగంగా వస్తోంది, ఒళ్లు ఎంత వేగంగా వదిలించుకోగలదు.

వానలు లేక వడలిన పైరులోనూ, కోత తర్వాత వచ్చే పిలకల్లోనూ ధుర్రిన్ ఎక్కువ. విత్తిన 50 రోజుల లోపు పచ్చి జొన్న మేపకండి. పూత వచ్చాక కోసి, బాగా ఎండబెట్టి వేయండి. పశువును చేలోకి తోలే ముందు ఎండుగడ్డి పెట్టండి. ఆయాసం, వణుకు, తూలడం కనిపిస్తే వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే బతికే అవకాశం ఉంది, కానీ చేతిలో ఉండేది నిమిషాలే.

ప్రశ్న: పత్తికి మందు కొట్టిన సాయంత్రం తల నొప్పి, కండ్లు మసక. మందు నోట్లోకి పోలేదు. వరుసగా నాలుగో రోజే ఇట్లయింది, ఎందుకు?
(దేవరకొండ నుంచి ఒక యువకుడు)

జవాబు: మీరు కొట్టింది ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు అయితే అది చర్మం గుండా కూడా ఎక్కుతుంది. నరం నుంచి కండరానికి, గ్రంథికి సందేశం చేర్చే ఎసిటైల్‌కోలిన్‌ను, పని కాగానే ఒక ఎంజైము విరగ్గొట్టాలి. మందు ఆ ఎంజైమును కదలనివ్వదు. దాంతో సందేశం ఆగకుండా పోతూనే ఉంటుంది: చెమట, చొంగ, కన్నీరు, వాంతి, కండరాల అదురు, కంటిపాప సూది మొనంత కావడం. ఆఖరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, శ్వాస కండరాలు చచ్చుబడతాయి. ఎంజైము పూర్తిగా కోలుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే మొదటి మూడు రోజుల నష్టం నాలుగో రోజు మీద పడింది. ఇంకా కొన్నాళ్లు మీరు పంపు ఎత్తకూడదు.

అన్నిటికంటే ప్రమాదం కలిపేటప్పుడు. డబ్బాలో ఉండేది చిక్కటి మందు, చేతి మీద ఒలికితే పంపులోని నీళ్ల మందు కంటే ఎన్నో రెట్లు ఎక్కుతుంది. బట్ట చేతితొడుగులు మందును పీల్చి చర్మానికి అంటిపెడతాయి, నైట్రైల్ రబ్బరు తొడుగులు వాడండి. వీపున పంపు మూత కారుతోందేమో నీళ్లు పోసి ముందే చూసుకోండి. నడుము ఎత్తు పత్తిలో ముందుకు నడుస్తూ కొడితే తడిసిన ఆకులు తొడలకు రాసుకుంటాయి. గజ్జల దగ్గర చర్మం ముంజేతి కంటే చాలా ఎక్కువ పీలుస్తుంది. గాలికి ఎదురుగా, మిట్టమధ్యాహ్నం కొట్టకండి. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అత్యంత విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

ఒంట్లో తేడా అనిపిస్తే బట్టలు విప్పేసి సబ్బుతో 15 నిమిషాలు కడగండి, 108కు ఫోన్ చేయండి. ఎవరైనా తాగి ఉంటే ఉప్పు నీళ్లో చింతపండు రసమో పోసి కక్కించవద్దు. మందులోని ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రమాదం. ఎడమ పక్కకు ఒరిగించి తీసుకెళ్లండి. డబ్బా తప్పకుండా వెంట ఉండాలి: ఆర్గానోఫాస్ఫేట్‌కు అట్రోపిన్ పనిచేస్తుంది, పారాక్వాట్ అనే కలుపు మందుకు విరుగుడే లేదు. ఏది తాగారో తెలియకపోతే డాక్టరుకు విలువైన సమయం పోతుంది.

ప్రశ్న: మా పాప ఆముదం గింజలు నోట్లో వేసుకుంది. ఆముదం తాగిస్తాం కదా, ఏమీ కాదా?
(అచ్చంపేట గృహిణి)

జవాబు: నూనె వేరు, గింజ వేరు. గింజలోని రైసిన్ అనే మాంసకృత్తి నూనెలో కరగదు, పిండిలోనే మిగులుతుంది. కణాలు మాంసకృత్తులు తయారు చేసుకోకుండా అది ఆపేస్తుంది. నమలకుండా మింగితే చాలాసార్లు గింజ అట్లాగే బయటికి పోతుంది, నమిలితే ప్రమాదం. లక్షణాలు గంటల తర్వాత మొదలవుతాయి కాబట్టి ఇప్పుడు బాగానే ఉందని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: కుళాయి రాని రోజు బోరు నీళ్లు కాచి తాగుతున్నం. ఫ్లోరైడ్ పోతదా?
(మర్రిగూడ నుంచి)

జవాబు: పోదు. నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ మిగిలి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఒంటికి పట్టిన దాంట్లో పెద్దవాళ్లకు సగం దాకా మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఎదిగే పిల్లల ఎముకలు ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి. పాల్లో, రాగుల్లో ఉండే కాల్షియం అది ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. బ్లాక్ టీ మాత్రం ఫ్లోరైడ్‌ను పెంచుతుంది.

నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, పటికలో దాదాపు ఇరవయ్యో వంతు సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. 10 నిమిషాలు మెల్లగా తిప్పి, గంట తేర్చి, పై నీళ్లు వంచుకుంటారు. నీటిని పరీక్షించకుండా పటిక ఉజ్జాయింపుగా వేయకండి: తక్కువైతే ఫ్లోరైడ్, ఎక్కువైతే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిలో ఆ ఫ్లోరైడ్ అంతా ఉంటుంది, దాన్ని బోరు పక్కన గానీ పశువుల తొట్టి దగ్గర గానీ పోయకండి.