ముందు తూటాల లెక్క రాయి

తిరుపతి

చిరంజీవికి,

నీ స్క్రిప్టు చదివినాను. ముట్టడిలో చిక్కిన శిబిరంలో మూడో రోజు తుపాకులు ఎట్లా మోగినాయో, పదకొండో రోజూ అట్లాగే మోగుతుండాయి. ఆ తూటాలన్నీ ఎక్కడినించి వస్తున్నాయి నాయనా? నిర్మాతల ఫోన్ నంబర్లు అడిగినావు, అవి తర్వాత.

ముట్టడి కథంటే తరిగిపోయేవాటి కథ. రాసే ముందే చిట్టా వెయ్యాల: నీళ్లెన్ని డ్రమ్ములు, తూటాలెన్ని, కట్టుగుడ్డలెన్ని. ప్రతి సీను చివర మిగిలింది రాసుకో. అది లేకుంటే డైలాగులో ఎంత దేశభక్తి పోసినా చూసేవాడికి భయం పుట్టదు.

1942లో పారమౌంట్ తీసిన ‘వేక్ ఐలాండ్’ నీ కథకు దగ్గరిది. పసిఫిక్‌లోని ఆ దీవిని జపాన్ సేనల చేతికి చిక్కకుండా అమెరికన్ మెరీన్ సైనికులు 1941 డిసెంబర్ 8 నుంచి 23 దాకా కాచినారు. వాళ్లకుండే వైల్డ్‌క్యాట్ యుద్ధ విమానాలు 12. మొదటి దాడికే నేలమీద 7 నాశనమైనాయి. కాలినవాటి భాగాలు ఊడబీకి మిగిలినవాటికి బిగించి ఎగరేసినారు. 22న లేచినవి రెండే. ఆ తర్వాత ఒక్కటీ లేదు, విమానదళం వాళ్లు కూడా తుపాకులు పట్టి నేలమీద నిలబడినారు. 12, 5, 2, 0. స్క్రీన్‌ప్లే అంతా ఆ అంకెల్లోనే ఉంది.

యుద్ధం నడుస్తుండగా తీసిన ఆ సినిమాలో అందరూ చివరిదాకా పోరాడి చచ్చిపోతారు. నిజానికి బతికినవాళ్లు లొంగిపోయి ఖైదీలైనారు, వాళ్లలో కట్టుబడి పనివాళ్లు వెయ్యికి పైనే. దీవిలోనే ఉంచుకున్న 98 మంది పనివాళ్లను జపాన్ వాళ్లు 1943 అక్టోబరులో కాల్చేసినారు. నువ్వూ చివర అందర్నీ చంపేసినావు. అప్పటివాళ్లకు జనాన్ని యుద్ధానికి ఉసిగొల్పాల్సిన తొందర ఉండింది. నీకేం తొందర? బతికి ఖైదుకు పోయినవాడి ముఖం చూపించు.

సీసా మూతతో నాయక్ నీళ్లు కొలిచి పోసే సీను బాగుంది. తొమ్మిదో రోజు ఆ మూతలో సగమే పోయనీ, మాటలొద్దు. ‘ల్యాగ్ అవుతుంది, లవ్ ట్రాక్ పెట్టు’ అంటారు. సైనికుడి దాహం విసుగనిపించే నిర్మాతలు, సంపాదకులు నాకు బాగా తెలుసు. వాళ్ల మాట వినొద్దు.

చంద్రగిరి దగ్గర తీస్తానన్నావు. ఇసుక మూటల్లో ఊక నింపితే మోసేదానికి తేలికే, కానీ తూటా దెబ్బకు పొట్టు ఎగిరి గుట్టు బయటపడుతుంది. కింది వరసలకు ఊక సరిపోతుంది. పై వరసకు, దెబ్బ తగిలే మూటలకు ఇసుకే ఉండాల. యూనిఫాం ఒక్కొక్కరికి మూడు జతలు కుట్టించు: కొత్తది, మాసింది, చిరిగింది. గడ్డం పెరిగే కథ కాబట్టి వీలైనంతవరకు కథ వరసలోనే తియ్యి. చివరి రోజు సీను ముందే తీస్తే గడ్డం అతికించాల్సి వస్తుంది, ఆ బండల ఎండకు చెమట పట్టి అంచులు లేస్తాయి.

చిట్టాతో కలిపి స్క్రిప్టు మళ్లీ పంపు. చిట్టా లేకుండా వస్తే చదవను.